మినిట్స్‌లో రాయనివి

ఒక్కొక్కరికి మూడు నిమిషాలు.
ఇంట్లో గుడ్లు ఉడికించేటప్పుడు పెట్టుకునే టైమరే
టౌన్‌హాల్ బల్ల మీదికి తెచ్చాను.
పందొమ్మిదేళ్ళుగా ఈ ఊరికి గుమాస్తాని,
అందరి మాటా రాస్తాను,
నా మాటకి పుస్తకంలో గడి లేదు.

బయట మార్చి. హర్మా లేక్ ఇంకా గట్టిగానే ఉంది,
ట్రక్కు ఆగేంత కాదు, మనిషి నడిచేంత.
శీతాకాలానికి విప్పేసిన డాక్ ముక్కలు
ఒడ్డున మంచులో పక్కటెముకల్లా తేలి ఉన్నాయి.

మెరీనా యజమాని వెండెల్ ఓస్ట్‌బర్గ్ ముందుగా లేచాడు.
ఇంకో అరవై నాలుగు పడవలకి చోటు కావాలట.
చెడ్డమనిషి కాదు, ఆ సంగతి ఇక్కడైనా చెప్పాలి:
చమురు ఒలికిన రాత్రి నడుంలోతు చన్నీళ్ళలో దిగి
తెల్లారేదాకా తేలే కట్టలు లాగింది ఆయనే.
పదకొండేళ్ళుగా మా తమ్ముడికి జీతమిచ్చేదీ ఆయనే.
"పడవ లేనివాళ్ళకి నా దగ్గర అద్దెకి దొరుకుతుంది,
సరస్సుని ఎవరికి మూసేశాను?" అన్నాడు.
వెనక బెంచీలో ఎవరో నవ్వారు.
నవ్వు మినిట్స్‌లో రాయరు.

తర్వాత ఐలి కొర్పెలా. ఎనభై ఒకటి.
కాగితం తేలేదు, తెడ్డు తెచ్చింది,
బల్లకి అడ్డంగా పెట్టింది.
"మా రోడ్డు చివరి నుంచి వాగు మొగదాకా
ఒడ్డు పట్టుకునే పోతాను.
గాలి లేస్తే నడిమధ్యలో నా పడవ నిలవదు.
అంత పొడుగు డాక్ వేస్తే చుట్టూ తిరిగి పొమ్మంటారు.
చుట్టూ అంటే నడిమధ్యే కదా.
నీళ్ళు అందరివీ అంటున్నారు, సంతోషం.
నేను మునగకుండా పోగలిగే నీళ్ళు ఎవరివి?"

ఇంకా నిమిషం నలభై సెకన్లు ఉంది.
ఆమె కూర్చుంది.
మిగతా సమయమంతా టైమరే మాట్లాడింది.

"అడుగు నేల ప్రజలదైతే
పైన కట్టేసిన పడవ కింది నీడ ఎవరిది?"
అని చైర్మన్ అడిగితే
మెరీనా లాయరు కాసేపు నీళ్ళు నమిలాడు.
ఆ నీళ్ళెవరివో అడగాలనిపించింది.
గుమాస్తాలు అడగరు.

ఆ రోడ్డు చివర నాకూ తెలుసు.
అరవై ఆరడుగుల వెడల్పు, ఒక చెత్తడబ్బా,
తుప్పు పట్టిన బోర్డు, ఎవరో మరిచిన ఒంటి చెప్పు.
గనికి సెలవైన ఒక ఆదివారం
నాన్న నా వీపు కింద చెయ్యి పెట్టి
వెల్లకిలా తేలడం నేర్పాడక్కడ.
చెయ్యి ఎప్పుడు తీసేశాడో తెలీలేదు.
ఆ చోటు నాదని ఏ దస్తావేజూ లేదు.
కాదని కూడా లేదు.

ముప్పై ఎనిమిదికి ఒప్పుకున్నారు.
డాక్ కొస నలభై అడుగులు వెనక్కి.
మ్యాపు మీద ఎర్ర పెన్సిల్ గీత గీసింది నేనే,
చెయ్యి వణికి ఒకచోట కాస్త లోపలికి పోయింది,
చెరపలేదు.
ఇద్దరూ సమానంగా నొచ్చుకుంటే అదే న్యాయమని
చైర్మన్ నమ్మకం.
వెండెల్ పోగొట్టుకున్నదానికి పద్దు ఉంది.
ఐలి పోగొట్టుకున్నదానికి
భుజాల నొప్పి తప్ప లెక్క లేదు.

ఆమె తెడ్డు బల్ల మీదే మరిచిపోయింది.
వెండెల్ గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కొచ్చి
దాన్ని రెండు చేతులా పట్టుకుని
ఆమె కారు దాకా నడిచాడు. ఇద్దరూ ఏమీ అనుకోలేదు.

తొమ్మిదీ పన్నెండుకి సమావేశం ముగిసినట్టు రాసి
ఇంటికి మంచు మీదుగా బయల్దేరాను.
కింద ఎక్కడో దూరంగా సరస్సు ఒక్కసారి మూలిగింది.
ఇరవై రెండో పడవ వచ్చే చోట
కాసేపు ఆగాను, చలికి ముక్కు తుడుచుకున్నాను.
ఇక్కడ నిలబడటానికి
ఇంకో మూడు వారాలు
ఎవరినీ అడగక్కర్లేదు.